థీసిస్ డేటాకి స్టాటిస్టిక్స్ ఎలా చేయాలి: ప్రొఫార్మా రాసే రోజు నుంచి మాస్టర్ చార్ట్ దాకా

మెడికల్ పీజీల థీసిస్ సబ్మిషన్ దగ్గరపడేసరికి నాకొచ్చే మెసేజ్‌లన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. "సార్, నూట ఇరవై కేసుల ఎక్సెల్ షీట్ పంపాను, ఏ టెస్ట్ వేయాలో చూసి పి వాల్యూ ఇవ్వండి, ఎల్లుండి బైండింగ్‌కి ఇవ్వాలి." గుంటూరైనా విజయవాడైనా, సర్జరీ పీజీ అయినా గైనిక్ పీజీ అయినా అడిగేది ఇదే. (పి వాల్యూ అంటే, నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంకా పెద్దది, కాకతాళీయంగా కనిపించే అవకాశం.) తీరా షీట్ తెరిచి చూస్తే, అడిగిన ప్రశ్నకి ఏ టెస్టూ జవాబు చెప్పలేని పరిస్థితి ఉంటుంది, ఎందుకంటే తేడా వచ్చింది లెక్క దగ్గర కాదు, ఏడాదిన్నర కింద ప్రొఫార్మా (ఒక్కో పేషెంట్ వివరాలు నింపే ఫారం) రాసుకున్న రోజున. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసేస్తున్నా. నేను డాక్టర్ని కాదు, లెక్కల మనిషిని. మందుల సంగతి మీకూ మీ గైడ్‌కీ వదిలేస్తాను. థియరీ కూడా వీలైనంత తక్కువే చెప్తాను.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- మీ ప్రశ్న, ఒక్క వాక్యంలో, కాగితం మీద.
- అదే విషయం మీద వచ్చిన రెండు మూడు పేపర్లు, వీలైతే మన దేశంలోవి. శాంపిల్ సైజుకి కావాల్సిన అంకెలు వీటిలోంచే వస్తాయి.
- ఎథిక్స్ కమిటీ ఆమోదం. మందునో ఆపరేషన్ పద్ధతినో మీరే పేషెంట్లకి కేటాయించి పోల్చే ట్రయల్ అయితే సీటీఆర్ఐలో (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ కూడా కావాలి, అదీ మొదటి పేషెంట్‌ని చేర్చుకోకముందే. 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ ముందస్తు రిజిస్ట్రేషన్ మాత్రమే తీసుకుంటున్నారు. కేసులన్నీ అయిపోయాక గుర్తొస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.
- సాఫ్ట్‌వేర్. డేటా ఎక్కించడానికి ఎక్సెల్ చాలు. లెక్కలకి జమోవి, ఎపి ఇన్ఫో, ఆర్ మూడూ ఉచితమే. శాంపిల్ సైజుకి బ్రౌజర్‌లోనే పనిచేసే ఓపెన్‌ఎపి ఉంది. సీనియర్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్ చేసిన ఎస్‌పీఎస్‌ఎస్ మాత్రం వద్దు, పేషెంట్ల వివరాలున్న లాప్‌టాప్‌లో దాన్ని ఎక్కించడం అంత మంచిది కాదు, పైగా జమోవిలో మీకు కావాల్సినవన్నీ ఉన్నాయి.
- కాలిక్యులేటర్. చివర్లో దీనితో పని పడుతుంది.

1. ప్రశ్నని ఒక్క వాక్యానికి దించండి

"డయాబెటిక్ ఫుట్ మీద ఒక క్లినికల్ స్టడీ" అన్నది టైటిల్ అవుతుంది గానీ ప్రశ్న కాదు. ఎవరిలో, దేన్ని దేనితో పోల్చి, ఏ ఫలితాన్ని, ఎన్ని రోజులకి చూస్తున్నారో ఆ వాక్యంలో ఉండాలి. "హెర్నియా ఆపరేషన్ అయిన పెద్దవాళ్లలో, చర్మాన్ని పాత ద్రావణంతో శుభ్రం చేసినవాళ్లకీ కొత్త ద్రావణంతో చేసినవాళ్లకీ మధ్య, 30 రోజుల్లో గాయానికి ఇన్ఫెక్షన్ వచ్చే శాతంలో తేడా ఉందా?" ఇలా ఉంటే పని జరుగుతుంది. ఇందులో ప్రధాన ఫలితం ఒకటే: ఇన్ఫెక్షన్ వచ్చిందా, లేదా. నొప్పి, ఎన్ని రోజులు వార్డులో ఉన్నారు, ఖర్చు, ఇవన్నీ రెండో వరస ఫలితాలు. ప్రధాన ఫలితం ఏదో డేటా చూశాక నిర్ణయించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అది స్టాటిస్టిక్స్ కాదు, బాణం వేశాక దాని చుట్టూ గిరి గీయడం.

2. ఖాళీ టేబుళ్లు గీయండి

నన్నడిగితే మొత్తం పనిలో ఎక్కువ లాభం ఇచ్చేది ఇదే, ఎవరూ చేయనిదీ ఇదే. రిజల్ట్స్ చాప్టర్‌లో ఏ టేబుళ్లు రావాలో అంకెలు లేకుండా ముందే గీసుకోండి. ఒకటో టేబుల్: రెండు గ్రూపుల్లో వయసు, ఆడ-మగ, షుగర్, బీఎంఐ. రెండో టేబుల్: ఇన్ఫెక్షన్ ఉంది, లేదు. ఇలా నాలుగైదు. పక్కనే ఏ టెస్ట్ వేస్తారో పెన్సిల్‌తో రాసుకోండి.

గీసేటప్పుడే తెలిసిపోతుంది, ప్రొఫార్మాలో అడుగుతున్న యాభై ప్రశ్నల్లో సగం ఏ టేబుల్‌లోకీ వెళ్లవు. తీసేయండి. అలాగే టేబుల్‌కి కావాల్సినది ప్రొఫార్మాలో లేదని కూడా అప్పుడే బయటపడుతుంది. షుగర్ ఉన్నవాళ్లని విడిగా చూస్తానని టేబుల్ గీశారు, ప్రొఫార్మాలో "షుగర్ ఉందా" అనే గడే లేదు. ఏడాది తర్వాత పాత కేస్ షీట్ల కోసం రికార్డ్ రూమ్ చుట్టూ తిరిగే బాధ ఈ ఒక్క సాయంత్రంతో తప్పుతుంది.

3. శాంపిల్ సైజు లెక్క

"మా డిపార్ట్‌మెంట్‌లో అందరూ వంద కేసులే చేస్తారు సార్" అంటారు. వంద ఎందుకని ఎగ్జామినర్ అడిగితే ఈ జవాబు నిలబడదు.

మీది ఒక జబ్బు ఎంత శాతం మందిలో ఉందో చూసే స్టడీ అయితే మనవాళ్లందరికీ తెలిసిన సూత్రం ఇది: 4 × పి × క్యూ ÷ ఎల్ వర్గం. పి అంటే పాత పేపర్లో వచ్చిన శాతం, క్యూ అంటే 100లోంచి పి తీసేస్తే మిగిలేది, ఎల్ అంటే మీరు ఒప్పుకునే పొరపాటు. ఇక్కడి పికీ పి వాల్యూకీ సంబంధం లేదు. పి 20 శాతం అనుకుంటే 4 × 20 × 80 = 6400. ఎల్ 5 అయితే 6400ని 25తో భాగించి 256.

అసలు గొడవంతా ఎల్ దగ్గరే. కొందరు ఎల్‌ని పిలో 20 శాతం అని తీసుకుంటారు, అంటే 4, అప్పుడు 400 మంది కావాలి. ఇంకొందరు గడుసువాళ్లు ఎల్‌ని 10 పెట్టి 64తో సరిపెట్టేస్తారు. 10 పెట్టడం నేరమేమీ కాదు, కానీ దానర్థం చూడండి: చివర్లో మీరు చెప్పగలిగేది "ఈ జబ్బు 10 నుంచి 30 శాతం మధ్యలో ఎక్కడో ఉంది" అని. దానికోసం ఇంత కష్టం అవసరమా? ఎల్ ఎంత తీసుకున్నారో, అది నేరుగా శాతమా లేక పిలో భాగమా అన్నది ప్రోటోకాల్‌లో స్పష్టంగా రాయండి.

రెండు గ్రూపుల సగటుల్ని పోల్చేటప్పుడు ఒక్కో గ్రూపుకి: 15.68 × ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) వర్గం ÷ తేడా వర్గం. ఇది 80 శాతం పవర్‌కి (అంత తేడా నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం), 5 శాతం సిగ్నిఫికెన్స్‌కి (తేడా లేకున్నా ఉందని పొరబడే అవకాశం). బీపీ ఎస్‌డీ 12, మీరు పట్టుకోవాలనుకున్న తేడా 6 అయితే గ్రూపుకి 63 మంది. తేడా 3 అయితే 251. తేడా సగం చేస్తే మనుషులు నాలుగింతలు కావాలి, ఇదొక్కటి గుర్తుంచుకోండి చాలు. ఆ 6 అనే అంకె వైద్యపరంగా పనికొచ్చే తేడా అయి ఉండాలి, అది మీ గైడ్ చెప్పాల్సిన మాట, నాది కాదు.

వచ్చిన అంకెకి మధ్యలో జారిపోయేవాళ్లని కలపండి. పది శాతం రారనుకుంటే 256ని 0.9తో భాగించాలి, 285 వస్తుంది. 256కి పది శాతం కలిపి 282 అని వేయడం తరచూ చూసే పొరపాటు. మన దగ్గర పది శాతం కూడా ఒక్కోసారి సరిపోదు. పల్నాడు వైపు నుంచి వచ్చే పేషెంట్లు మిరప కోతలు మొదలైతే రెండో ఫాలోఅప్‌కి రమ్మన్నా రారు, కూలి వదులుకుని బస్సెక్కి గుంటూరు ఎవరొస్తారు? మీ ఫాలోఅప్ జనవరి నుంచి ఏప్రిల్ మధ్య పడుతుంటే ఇంకాస్త ఎక్కువే కలుపుకోండి, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకోండి.

4. ఎవరు ఏ గ్రూపులోకి వెళ్లాలి

ర్యాండమైజ్ చేశామని రాసి, లోపల చూస్తే "సోమవారం అడ్మిషన్లకి పాత పద్ధతి, మంగళవారం వాటికి కొత్త పద్ధతి" అని ఉంటుంది. సోమవారం ఒక యూనిట్, మంగళవారం ఇంకో యూనిట్, సర్జన్లు వేరు, చేతులు వేరు. చివర్లో తేడా వస్తే అది ద్రావణం వల్లా, సర్జన్ వల్లా? తేల్చలేం. ఓపీ నంబర్ సరి-బేసి కూడా ర్యాండమ్ కాదు, తర్వాత వచ్చే పేషెంట్ ఏ గ్రూపో మీకు ముందే తెలిసిపోతుంది, తెలిశాక మనసు ఊరుకోదు.

సరైన దారి: కంప్యూటర్‌తో ర్యాండమ్ జాబితా తీయించి, వరస నంబర్లు వేసిన, వెలుతురుకి పెట్టినా లోపలి కాగితం కనపడని కవర్లలో పెట్టి అతికించండి. కవర్లు పేషెంట్లని చేర్చుకోని మనిషి దగ్గర ఉండాలి. పేషెంట్ సంతకం పెట్టాకే కవర్ చించాలి. ట్రయల్ కాకపోతే ఈ గొడవ లేదు, కానీ అప్పుడు "వచ్చినవాళ్లని వచ్చినట్టు తీసుకున్నాం" అని నిజం రాయండి, "ర్యాండమ్‌గా ఎంచుకున్నాం" అని రాయకండి.

5. మాస్టర్ చార్ట్ కట్టడం

మాస్టర్ చార్ట్ అంటే అందరి డేటా ఎక్కించే షీట్. ఒక పేషెంట్‌కి ఒక వరస. ఒక విషయానికి ఒక కాలమ్. మిగతా నియమాలన్నీ దీని పిల్లలే.

- బీపీ "140/90" అని ఒకే గడిలో వేయకండి. రెండు కాలమ్‌లు చేయండి.
- గడులు కలపడం, రంగులు పూయడం వద్దు. "ఎర్రగా ఉన్నవాళ్లు షుగర్ పేషెంట్లు సార్" అంటే సాఫ్ట్‌వేర్‌కి రంగు కనపడదు.
- మగ 1, ఆడ 2 అని కోడ్ పెట్టుకుంటే, ఆ కోడ్ల జాబితా వేరే షీట్‌లో రాసుకోండి. ఆర్నెల్ల తర్వాత 1 ఎవరో మీకే గుర్తుండదు.
- తెలియని విలువకి గడి ఖాళీగా వదలండి. సున్నా పెడితే అది సున్నానే అవుతుంది. 99 పెడితే హిమోగ్లోబిన్ సగటు ఎక్కడికో పోతుంది.
- నొప్పి స్కోరు "3-5" అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీ చేసేస్తుంది. ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చండి, లేదా అసలు ఒకే అంకె వేయండి. తేదీల్లో రోజు ముందా నెల ముందా అన్నది కూడా లాప్‌టాప్‌ని బట్టి మారుతుంది, అడ్మిషన్ 4వ నెల 3 అనుకుంటే అది 3వ నెల 4 అయి కూర్చుంటుంది.
- పిల్లల స్టడీల్లో వయసు కొన్నిచోట్ల నెలల్లో, కొన్నిచోట్ల ఏళ్లలో రాస్తారు. ఏదో ఒకటే ఉంచండి.
- పేరు, ఫోన్, ఐపీ నంబర్ ఈ షీట్‌లో ఉండకూడదు. వేరే ఫైల్‌లో పాస్‌వర్డ్‌తో పెట్టి, ఇక్కడ క్రమసంఖ్య మాత్రం వాడండి. థీసిస్ వెనక మాస్టర్ చార్ట్ ప్రింట్ చేసేదీ ఈ పేర్లు లేనిదే.

6. టెస్ట్ వేసేముందు శుభ్రం చేయండి

ప్రతి కాలమ్‌కీ కనిష్ఠం, గరిష్ఠం చూడండి. హిమోగ్లోబిన్ 112 ఉందంటే చుక్క ఎగిరిపోయింది. డిశ్చార్జి తేదీ అడ్మిషన్ కన్నా ముందుందా, మగ పేషెంట్‌కి కాన్పుల సంఖ్య ఉందా, ఫిల్టర్ పెట్టి చూడండి. తర్వాత పదింట ఒక వంతు వరసల్ని లాటరీ తీసినట్టు ఏరి, కేస్ షీట్ పక్కన పెట్టుకుని గడి గడీ పోల్చండి. ఎక్కువ తప్పులు దొరికితే మొత్తం మళ్లీ చూడాల్సిందే, తప్పించుకునే దారి లేదు.

వయసు కాలమ్‌ని ఓసారి విడిగా చూడండి. "వయసెంత పెద్దమ్మా?" అంటే "ఉంటాయి నాయనా ఓ అరవై" అంటుంది, మీరు 60 అని రాస్తారు. ఆధార్ చూస్తే పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటుంది, అదీ అంచనాయే. అందుకే మన డేటాలో 40, 45, 50, 60 దగ్గర జనం గుంపులుగా ఉంటారు, 47, 53 దగ్గర ఎవరూ ఉండరు. దీన్ని సరిదిద్దలేం, కానీ 60 ఏళ్ల దగ్గర గీత గీసి రెండు గ్రూపులు చేసేముందు ఆలోచించండి. బీపీ అంకెలన్నీ సున్నాతోనే ముగుస్తుంటే మాత్రం అది పేషెంట్ తప్పు కాదు, కొలిచినవాళ్ల తొందర.

7. సగటా, మీడియనా?

తొమ్మిది మంది వార్డులో ఉన్న రోజులు: 3, 3, 4, 4, 4, 5, 5, 6, 38. సగటు 8, ఎస్‌డీ 11.3. తొమ్మిది మందిలో ఎనిమిది మంది 8 రోజుల కన్నా తక్కువే ఉన్నారు, ఆ 8 ఎవరి కథ? పైగా "8 ± 11.3" అని రాస్తే కొందరు మైనస్ మూడు రోజులు ఉన్నట్టు. మీడియన్ (వరసలో పెడితే మధ్యలో ఉన్న విలువ) 4, అది చెప్పండి, పక్కన ఇంటర్‌క్వార్టైల్ రేంజ్ (మధ్య సగం మంది విలువలు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉన్నాయో) ఇవ్వండి.

గుర్తు పట్టడానికి చిట్కా: మైనస్‌కి వెళ్లలేని కొలతలో ఎస్‌డీ సగటులో సగం కన్నా ఎక్కువుంటే డేటా ఒక పక్కకి ఒరిగిందని అనుమానించండి, హిస్టోగ్రామ్ గీసి చూడండి. ఇంకోటి, ఎస్‌డీ బదులు స్టాండర్డ్ ఎర్రర్ (సగటు అంచనా ఎంత కచ్చితమో చెప్పే అంకె) వేసి అంకెలు చిన్నవిగా చూపించడం. 120 మంది ఉంటే ఎర్రర్ ఎస్‌డీలో పదకొండో వంతు ఉంటుంది, గ్రాఫ్ భలే ముద్దుగా కనిపిస్తుంది, కానీ పేషెంట్ల మధ్య తేడాలు చెప్పాల్సిన చోట అది తప్పు.

8. ఏ టెస్ట్?

- ఉంది/లేదు రకం ఫలితం, వేర్వేరు గ్రూపులు: కై స్క్వేర్. ఏ గడిలోనైనా ఎక్స్‌పెక్టెడ్ సంఖ్య 5 కన్నా తగ్గితే ఫిషర్ ఎగ్జాక్ట్. మీ టేబుల్‌లో కనిపిస్తున్న సంఖ్య కాదు, గ్రూపుల మధ్య తేడా లేకపోతే ఎంత రావాలో ఆ ఎక్స్‌పెక్టెడ్.
- ఉంది/లేదు, అదే పేషెంట్లలో ముందూ తర్వాతా: మెక్‌నెమార్.
- కొలత, రెండు వేర్వేరు గ్రూపులు: టీ టెస్ట్, జమోవిలో వెల్చ్ అన్నదానికి టిక్ పెట్టండి. ఒరిగిన డేటా అయితే మాన్-విట్నీ.
- కొలత, అదే పేషెంట్లలో ముందూ తర్వాతా: పెయిర్డ్ టీ, లేదంటే విల్‌కాక్సన్.
- మూడు లేదా ఎక్కువ గ్రూపులు: అనోవా, ఆపైన ఏ జతలో తేడా ఉందో చూడటానికి ట్యూకీ. ఒరిగితే క్రుస్కల్-వాలిస్. జతలు జతలుగా టీ టెస్టులు వేసుకుంటూ పోకండి.
- ఎన్నాళ్లకి జరిగింది అన్న ప్రశ్న: కప్లాన్-మయర్, లాగ్ ర్యాంక్.

ముందూ తర్వాతా డేటాకి మామూలు టీ టెస్ట్ వేసేయడం నేను ఎక్కువగా చూసే తప్పు. రెండోది, రెండు మిషన్లు ఒకే రీడింగ్ ఇస్తున్నాయా అన్న ప్రశ్నకి కోరిలేషన్ (రెండూ కలిసి పెరుగుతాయా, తగ్గుతాయా అన్న కొలత) వేయడం. ఒక గ్లూకోమీటర్ ప్రతిసారీ 30 ఎక్కువ చూపించినా కోరిలేషన్ 1 రావచ్చు. దానికి బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో లాన్సెట్‌లో చెప్పిన ప్లాట్ (రెండు రీడింగుల తేడాని వాటి సగటుకి ఎదురుగా చూపేది) ఉంది, అది గీయండి.

లాజిస్టిక్ రిగ్రెషన్ (ఉంది/లేదు ఫలితం మీద చాలా అంశాల ప్రభావాన్ని ఒకేసారి చూసే పద్ధతి) వేయమని గైడ్ అంటే ముందు ఫలితం వచ్చినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి. పది మందికి ఒక అంశం అన్నది మోటు లెక్క. 17 ఇన్ఫెక్షన్లతో ఎనిమిది అంశాలు దూర్చితే వచ్చే అంకెలకి విలువ లేదు. మాటలో మాట, ఆర్‌లో ఇలాంటి మోడల్‌కి స్కోర్ టెస్ట్ (కొత్త అంశం కలిపితే లాభముందా అని చూసేది) అడగాలంటే "రావు" అని టైప్ చేయాలి. 1948లో ఆ టెస్ట్ ఇచ్చిన స్టాటిస్టీషియన్ సి.ఆర్. రావు గారు చిన్నప్పుడు చదువుకున్నది మన నూజివీడు, నందిగామల్లో కూడా.

9. వచ్చిన జవాబుని చదవడం

ఊహించిన అంకెలతో చేసి చూద్దాం. పాత ద్రావణం 60 మందిలో 12 మందికి ఇన్ఫెక్షన్, అంటే 20 శాతం. కొత్త ద్రావణం 60 మందిలో 5, అంటే 8.3 శాతం. కై స్క్వేర్ 3.36, పి వాల్యూ 0.067. యేట్స్ కరెక్షన్‌తో (కై స్క్వేర్‌ని కాస్త తగ్గించే సవరణ) అయితే 0.116. స్క్రీన్ మీద రెండూ కనిపిస్తాయి, ఏది నచ్చితే అది తీసుకోవడానికి లేదు, ఏది వాడతారో రెండో స్టెప్పులో పెన్సిల్‌తో రాసుకున్నారు కదా, అదే.

ఇప్పుడు థీసిస్‌లో ఏం రాస్తారు? "పి 0.05 కన్నా ఎక్కువ, కాబట్టి రెండు ద్రావణాల మధ్య తేడా లేదు." ఇది తప్పు. తేడా 11.7 శాతం, దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఉండగల పరిధి) మైనస్ 0.6 నుంచి 24 దాకా. అంటే అసలు తేడా లేకపోవచ్చు, నూటికి 24 మందిని కాపాడే మందూ కావచ్చు, మీ 120 మందితో తేలలేదు. "తేడా ఉందని తేలలేదు" వేరు, "తేడా లేదని తేలింది" వేరు. ఇంత తేడాని 80 శాతం పవర్‌తో పట్టుకోవాలంటే గ్రూపుకి 137 మంది కావాలి, మీరు తీసుకున్నది 60. మూడో స్టెప్పు వదిలేస్తే దెబ్బ ఇక్కడ తగులుతుంది. ఇంకో పదిమందిని చేర్చి మళ్లీ పి వాల్యూ చూడటం, అది 0.05 కిందికి దిగగానే ఆపేయడం, ఈ పని మాత్రం చేయకండి.

ఇవే అంకెలకి రిలేటివ్ రిస్క్ (రెండు గ్రూపుల శాతాల నిష్పత్తి) 0.42, ఆడ్స్ రేషియో (ఒక్కో గ్రూపులో వచ్చినవాళ్లని రానివాళ్లతో భాగించి, ఆ రెంటి నిష్పత్తి) 0.36. ఆడ్స్ రేషియో 0.36 చూసి "రిస్క్ 64 శాతం తగ్గింది" అని రాస్తారు, నిజానికి తగ్గింది 58 శాతమే. ట్రయల్‌లో, కోహార్ట్‌లో (ముందు గ్రూపులు చేసి ఫలితం కోసం చూసే స్టడీ) రిస్క్ చెప్పండి, కేస్-కంట్రోల్ (జబ్బున్నవాళ్లనీ లేనివాళ్లనీ తీసుకుని వెనక్కి చూసేది) అయితే ఆడ్స్ రేషియో తప్పదు.

సైడ్ ఎఫెక్ట్ ఒక్కటీ రాలేదా? "పూర్తిగా సురక్షితం" అని రాసేయకండి. ఒక్కటీ రానప్పుడు 3ని మనుషుల సంఖ్యతో భాగించండి. 60 మందికి 3/60, అంటే అసలు శాతం 5 దాకా ఉండే అవకాశం ఇంకా ఉంది.

కొత్త పరీక్ష మీద స్టడీ అయితే ఇంకో గుంట ఉంది. సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లలో పాజిటివ్ వచ్చే శాతం) 90, స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లలో నెగెటివ్ వచ్చే శాతం) 90 అనుకుందాం. వార్డులో సగం మందికి జబ్బుంటే పాజిటివ్ వచ్చినవాళ్లలో 90 శాతం మందికి నిజంగా ఉన్నట్టే. అదే పరీక్షని వందలో ఒకరికి జబ్బున్న ఊళ్లో క్యాంపు పెట్టి వెయ్యి మందికి చేస్తే, పది మంది అసలు రోగుల్లో 9 మంది దొరుకుతారు, జబ్బు లేని 990 మందిలో 99 మందికి ఊరికే పాజిటివ్ వస్తుంది. 108 పాజిటివ్‌లలో 9, అంటే 8 శాతం. కాబట్టి పెద్దాసుపత్రి వార్డులో వచ్చిన అంకెతో "పీహెచ్‌సీల్లో స్క్రీనింగ్‌కి వాడొచ్చు" అని కన్‌క్లూజన్ రాయకండి.

10. బైండింగ్‌కి ఇచ్చేముందు సరిచూసుకోవడం

- ప్రతి టేబుల్ మొత్తం కూడండి. టేబుల్ 1లో 120, టేబుల్ 4లో 117 ఉంటే ఆ ముగ్గురు ఏమయ్యారో కింద రాయాలి. ఎగ్జామినర్లు స్టాటిస్టిక్స్ రాకపోయినా కూడికలు చేస్తారు.
- శాతాలు కాలిక్యులేటర్‌తో మళ్లీ వేయండి. దేనిలో శాతం అన్నది చూడండి: గ్రూపులో 60కా, మొత్తం 120కా?
- ఒక కై స్క్వేర్ చేత్తో చేయండి. పైన లెక్కలో ఒక్కో గ్రూపులో ఎక్స్‌పెక్టెడ్ ఇన్ఫెక్షన్లు 8.5, లేనివాళ్లు 51.5. తేడా 3.5 వర్గం చేసి ఒక్కోదానితో భాగించి నాలుగూ కూడితే 3.36 రావాలి. రాకపోతే సాఫ్ట్‌వేర్‌లో కాలమ్ తప్పు ఎంచుకున్నారు.
- "పి = 0.000" అని ఎక్కడా ఉండకూడదు, "0.001 కన్నా తక్కువ" అని రాయండి. "ఎన్‌ఎస్" (నాట్ సిగ్నిఫికెంట్) అని వదిలేయకుండా అసలు అంకె వేయండి.
- ఎన్ని టెస్టులు వేశారో లెక్కపెట్టండి. ఏ తేడా లేని చోట ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు వేసినా, కనీసం ఒకటి "సిగ్నిఫికెంట్" అయ్యే అవకాశం 64 శాతం. నలభై టేబుళ్లలో ఒక్క బ్లడ్ గ్రూప్ టేబుల్‌లో 0.04 వస్తే దాన్ని కన్‌క్లూజన్‌కి ఎక్కించకండి.
- ట్రయల్‌లో పేషెంట్ ఏ గ్రూపులో పడ్డాడో లెక్క కూడా ఆ గ్రూపులోనే చేయాలి, మధ్యలో మందు మానేసినా సరే. మానేసినవాళ్లని తీసేసి ఇంకో లెక్క చూపించాలనుకుంటే అది రెండో టేబుల్.
- షీట్‌ని స్నేహితుడికిచ్చి, మీ మెథడ్స్ చాప్టర్ మాత్రం చూసి ప్రధాన టేబుల్‌ని మళ్లీ తీయమనండి. అంకె కలవకపోతే చాలాసార్లు తేడా మెథడ్స్‌లో రాయని చిన్న నిర్ణయం దగ్గరే ఉంటుంది, వయసు తెలియని ఇద్దరిని తీసేయడం లాంటిది.

లెక్కలు బయట ఎవరితోనైనా చేయించుకుంటే, పిడిఎఫ్ ఒక్కటే తీసుకుని వచ్చేయకండి. శుభ్రం చేసిన షీట్, జమోవి ఫైల్ లేదా ఆర్ కోడ్, ఏ టెస్ట్ ఎందుకు వేశారో ఒక పేజీ, మూడూ అడిగి తీసుకోండి. వైవాలో "ఇక్కడ మాన్-విట్నీ ఎందుకు వేశావమ్మా" అని అడిగితే "స్టాటిస్టీషియన్ వేశారు సార్" అని చెప్పకుండా, హిస్టోగ్రామ్ తీసి చూపించి "డేటా ఒక పక్కకి ఒరిగింది సార్, అందుకని" అనగలిగితే చాలు, ఆ ప్రశ్న అక్కడితో అయిపోతుంది. ముడి డేటా ఫైల్‌ని మాత్రం ముట్టుకోకుండా తేదీ వేసి వేరే దాచండి, మార్పులన్నీ కాపీలో చేయండి. పేపర్‌గా జర్నల్‌కి పంపినప్పుడు రివ్యూయర్ అడిగేది ఆ ఫైలే.